రోజుకో గంటా, చివర్లో నాలుగేళ్లా: ఏది మేలు?

సంపాదించే వయసులో తీరికను వాయిదా వేసి, వీలైనంత త్వరగా పని విరమించి ఆ తరువాత స్వేచ్ఛగా బతకాలనుకునేవారు కొందరు. విరమణ కొంత ఆలస్యమైనా ఫరవాలేదు, ప్రతిరోజూ కాస్త సమయం తమకంటూ మిగలాలనుకునేవారు మరికొందరు. ఈ ఎంపికను మనం సాధారణంగా ఎవరి స్వభావానికి తగ్గట్టు వారికే వదిలేస్తాం గానీ, ముందు లెక్క వేసుకుంటే ప్రశ్న మరింత స్పష్టమవుతుంది.

25వ ఏట పనిలో చేరి, రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు, 60 ఏళ్లు నిండేదాకా పనిచేస్తే మొత్తం 84,000 గంటలవుతుంది. అన్నే గంటల పనిని రోజుకు 9 గంటల చొప్పున చేసే వ్యక్తికి 31 ఏళ్లకు కాస్త పైన సరిపోతుంది కాబట్టి, 56 దాటగానే విశ్రాంతి దొరుకుతుంది. గంటకు వచ్చే ఆదాయం ఒకటే అనుకుంటే ఇద్దరి సంపాదనా సమానమే, ఇద్దరికీ మిగిలే తీరికా సమానమే. ఒకరికి అది 31 ఏళ్ల పాటు రోజుకో గంటగా అందుతుంది, మరొకరికి చివర్లో దాదాపు నాలుగేళ్ల ముద్దగా అందుతుంది.

డబ్బు విషయంలో రెండో వ్యక్తిదే పైచేయి. ముందుగా సంపాదించి దాచినదానికి చక్రవడ్డీ తోడవుతుంది కనుక, ఆ వ్యక్తి 56 కంటే ముందే విరమించుకున్నా ఆశ్చర్యం లేదు. దూర ప్రయాణాలు, పెద్ద గ్రంథరచన వంటి, మధ్యలో తెగితే చెడిపోయే పనులకు కూడా అడ్డులేని నాలుగేళ్లే అనుకూలం. ఈ లాభాలు నిజమైనవి, వీటిని తేలికగా కొట్టిపారేయకూడదు.

అయితే డబ్బును దాచినట్టు అన్నిటినీ దాచలేం. శరీరాన్నే తీసుకుందాం. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. రోజుకో గంట మిగుల్చుకున్నవారికి దీనికోసం ఆ సమయంలో సగం కూడా అవసరం లేదు. ఆ వ్యాయామాన్ని ముప్పై ఏళ్లు ఆపి, తరువాత ఒకేసారి చేసి సరిపెట్టుకోవడం కుదరదు. నేర్చుకోవడమూ అంతే. ఒకే పాఠాన్ని ఒక్కసారిగా వల్లించడం కంటే రోజుల తరబడి విడతలుగా చదివితే జ్ఞాపకం ఎక్కువగా నిలుస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే ప్రయోగపూర్వకంగా చూపాడు. సంగీతమైనా, కొత్త భాషైనా రోజూ చేసే సాధనతోనే పట్టుబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం మనుషులు. ఆరేళ్ల బిడ్డ తన ప్రశ్నలను మనకు 56 ఏళ్లు వచ్చేదాకా అట్టేపెట్టుకోదు; ముసలి తల్లిదండ్రులు మన విరమణ తేదీ కోసం ఆగలేరు. ఈ ఒక్క కారణం చాలు, నా మొగ్గు రోజుకో గంట వైపే ఉండటానికి.

చరిత్రలో కార్మికులు కోరుకున్నదీ ప్రధానంగా ఈ రకం తీరికనే అని గుర్తుంచుకోవాలి. 8 గంటల పని, 8 గంటల వినోదం, 8 గంటల విశ్రాంతి అన్న నినాదాన్ని బ్రిటన్ సంఘ సంస్కర్త రాబర్ట్ ఓవెన్ 1817 నాటికి రూపొందించాడు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందం పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న పరిమితి గురించే. వృద్ధాప్య పింఛను పుట్టుక వేరు. 1889లో జర్మనీ దాన్ని చట్టం చేసినప్పుడు అర్హత వయసు 70 ఏళ్లు. 1916లో గానీ అది 65కు తగ్గలేదు. పని చేయలేని ముసలితనానికి ఆసరాగా మొదలైన ఆ ఏర్పాటును, జీవితాన్ని అనుభవించడానికి కేటాయించిన కాలంగా మనం తరువాత భావించసాగాం.

రోజుకో గంట అన్న మార్గానికి ఒక పెద్ద బలహీనత ఉంది. గంట చిన్నది కనుక తేలికగా జారిపోతుంది. దాన్ని ఎవరికోసం, దేనికోసం అని ముందే నిర్ణయించుకోకపోతే ఫోను తెర మింగేస్తుంది, ఏడాది తిరిగేసరికి చూపించుకోవడానికి ఏమీ మిగలదు. అలా పోయే గంటకంటే అదనపు గంట పనిచేసి చివర్లో నాలుగేళ్లు తెచ్చుకోవడమే నయమని నేను నిస్సంకోచంగా చెబుతాను.

మధ్యలో ఒక ఏడాది సెలవు పెట్టుకునే మూడో దారీ ఉంది గానీ, తిరిగి వచ్చేసరికి ఉద్యోగం నిలిచి ఉంటుందన్న భరోసా ఉన్నవారికే అది సాధ్యం.

అప్పుల్లో ఉన్నవారి సంగతి వేరు. వడ్డీ పెరుగుతున్నప్పుడు 9 గంటల పనే సరైనది, ఎందుకంటే తీరని అప్పు మిగిలిన తీరికను కూడా ఆందోళనతో నింపుతుంది. కానీ ఆ నిర్ణయం అప్పు తీరేదాకా మాత్రమే ఉండాలి, ఆ తరువాత అలవాటుగా 31 ఏళ్లు సాగకూడదు. ఇంట్లో పదిహేనేళ్ల లోపు పిల్లలో, డెబ్బై దాటిన పెద్దలో ఉంటే మాత్రం ఆ రోజు గంటను ఆ రోజే తీసుకోవడం మేలు. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారిన వారు వెళ్లాక, ఓపిక ఉంటే, 9 గంటల పనికి మారి విరమణను కొంత ముందుకు జరుపుకోవచ్చు.