అరవై దాటినవాళ్ల జిమ్ బ్యాచ్‌లో మూడు నెలలు

నాకు 67. బీపీ, షుగర్ లేవు, రోజూ వాకింగ్ చేస్తాను. అయినా సిటీ బస్సు ఎక్కేటప్పుడు కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవాల్సి వస్తోందని మా కాలనీ జిమ్‌లో అరవై దాటినవాళ్ల బ్యాచ్‌లో చేరాను. వారానికి మూడు రోజులు, మూడు నెలలకు 6,000.

మొదటి రోజు బరువుల జోలికే పోనివ్వలేదు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడతానో లెక్కపెట్టారు. 11 వచ్చింది. 65-69 మధ్య మగవాళ్లకు 12 కన్నా తక్కువొస్తే సగటుకు దిగువే అన్నాడు కోచ్, మొహమాటం లేకుండా. మూడు వారాలు అన్నీ నెమ్మదిగా, పద్ధతి కుదిరేదాకా చేయించి, ఆ తర్వాత మొదలెట్టాడు అసలు పని: లేవడం చప్పున, కూర్చోవడం మాత్రం మనసులో మూడు లెక్కపెట్టుకుంటూ. వయసు మీదపడితే బలం తగ్గుతుందని అందరికీ తెలుసు, కానీ ఆ బలాన్ని చటుక్కున వాడే శక్తి అంతకన్నా త్వరగా పోతుందని, వేగంగా పనిచేసే కండరాల పోగులే ఎక్కువ సన్నబడతాయని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. కాలు జారినప్పుడు తమాయించుకోవడానికి మనకు దొరికేది ఎంతసేపు గనక!

అందుకే బరువు తక్కువే. లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువును తోసే మెషిన్) మీద ఒక్కసారికి 60 కిలోలు నెట్టగలను, నాకు పెట్టింది 25, ఎనిమిది సార్లు. తోసేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. వేగం తగ్గిందా, ఆ సెట్ అక్కడితో ఆపేయడమే. ఎనిమిదీ ఒకే ఊపులో వస్తేనే బరువు పెంచేవాడు.

రెండో నెలలో ఆ కోచ్‌ను ఆరున్నర బ్యాచ్‌కి మార్చి, మాకు ఒక కుర్రాణ్ణి ఇచ్చారు. పాపం మంచివాడే, కానీ 'అంకుల్, ఇంకో ప్లేట్ వేద్దామా' తప్ప వేరే మాట రాదు. ఇరవై ఏళ్లవాళ్లకు చెప్పినట్టే మాకూ. వేశాడు, నేను ముక్కుతూ మూలుగుతూ నెమ్మదిగా తోశాను, వారం రోజులు మోకాలు పట్టేసింది. ఎవరు ఎంత బరువుతో చేస్తున్నారో రాసిపెట్టే పుస్తకమే లేదక్కడ, చివరికి నేనే ఒక నోట్‌బుక్ కొనుక్కున్నాను. పద్నాలుగు మందికి ఒక్కడే మనిషి, చూడమంటే మాత్రం ఏం చూస్తాడు? ఇంకోటి, పడిపోకుండా ఉండటానికి నేర్పే చోట వాటర్ కూలర్ దగ్గర నేల ఎప్పుడూ తడే. రెండుసార్లు చెప్పాను, తుడిచారు, మూడో రోజుకి మళ్లీ అంతే.

పాటల హోరు సంగతి వదిలేస్తున్నాను.

మూడు నెలల తర్వాత కుర్చీ లెక్క 15కి వచ్చింది. బస్సు మెట్టు దగ్గర ఇప్పటికీ కడ్డీ పట్టుకుంటాను, అలవాటుగా, ఒంటిని లాక్కోవడానికి కాదు. మళ్లీ ఫీజు కట్టాను, ఈసారి ఆరున్నర బ్యాచ్‌కి. మీరు చేరేటట్టయితే డబ్బు కట్టేముందు ఏ బ్యాచ్‌కి ఏ కోచో అడగండి.