ఒకే స్టీరియో ఫైలా, స్టెమ్సా? మాస్టరింగ్‌కి ఏది పంపితే మేలు

భీమవరంలోనో అమలాపురంలోనో చిన్న స్టూడియోలో పాట మిక్స్ అయిపోయాక, మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరిసారి నాదం, లెవెల్ సర్దే పని) కోసం హైదరాబాదుకో చెన్నైకో పంపడానికి దారులు మూడు. పాట మొత్తం ఒకే స్టీరియో ఫైలుగా పంపొచ్చు. గొంతు, కోరస్, తాళవాద్యాలు, మిగతా వాద్యాలు అని గుంపులుగా విడదీసి స్టెమ్స్ పంపొచ్చు. లేదంటే అసలు మిక్స్‌తోపాటు గొంతు 1 డీబీ (డెసిబెల్, శబ్దం హెచ్చుతగ్గుల కొలత) పెంచిన ఫైలొకటి, 1 డీబీ తగ్గించిన ఫైలొకటి జతచేసి పంపొచ్చు. చాలా పాటలకు ఈ మూడోదే మేలు. స్టెమ్స్ నిజంగా కావాల్సిన పాటలు ఉన్నాయి గానీ, అనుకున్నన్ని లేవు.

తేడా ఏమున్నా అవతలి ఇంజనీరు సర్దేస్తాడన్న ధీమాతోనే స్టెమ్స్ పంపుతుంటారు. స్టెమ్ లోపలి తప్పు మాత్రం స్టెమ్‌లోనే ఉండిపోతుంది. తబలా, డోలక్, కంజీర కలిపి ఒక స్టెమ్ చేశాక కంజీర ఒక్కటే చెవిలో గుచ్చుకుంటుంటే, దాన్నొక్కదాన్నే తగ్గించడం కుదరదు. డోలు, సన్నాయి ఒకే గదిలో కలిసి వాయించిన రికార్డింగైతే ఇంకా చిక్కు. డోలు మైకులో సన్నాయి కూడా పడి ఉంటుంది, కాస్త ఆలస్యంగా. అక్కడ డోలు స్టెమ్ 2 డీబీ పెంచితే సన్నాయీ పెరుగుతుంది, రెండు మైకుల్లోని సన్నాయి అలలు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుని దాని నాదమే పలచబడుతుంది. అలాంటి పాటకి స్టెమ్స్ పంపొద్దు. గరగల మేళం, కోలాటం, భజన బృందం లాంటి కలివిడి రికార్డింగులన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

స్టెమ్స్ అక్కరకొచ్చేది మిక్స్ చేసిన గది మీద అనుమానం ఉన్నప్పుడు. పదడుగుల కాంక్రీటు గదిలో ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. గోడ పక్కన కూర్చుంటే బేస్ దండిగా, గది మధ్యలో కూర్చుంటే దాదాపు లేనట్టు వినిపిస్తుంది. మధ్యలో కూర్చుని మిక్స్ చేసినవాళ్లు చాలలేదని బేస్ పెంచేస్తారు. స్టీరియో ఫైలులో దాన్ని తగ్గించబోతే మగగొంతు అడుగుభాగం, డోలు బరువు కూడా తగ్గుతాయి. కిక్ (డ్రమ్స్‌లో అడుగు శబ్దమిచ్చే పెద్ద డ్రమ్ము), బేస్ విడి స్టెమ్‌గా ఉంటే దాన్నొక్కదాన్నే సర్దొచ్చు. ఇలాంటప్పుడు గొంతు, కోరస్, కిక్‌-బేస్, తాళం, మిగతా వాద్యాలు అని అయిదు స్టెమ్స్ చాలు. ఇరవై పంపితే అది మళ్లీ మిక్సింగే అవుతుంది, డబ్బులూ ఆ లెక్కనే అడుగుతారు.

స్టెమ్స్ తీయడంలో ఎక్కువగా చెడేవి మూడు చోట్ల. మొదటిది, అన్నీ పాట మొదలు నుంచే మొదలవ్వాలి. కోరస్ రెండో నిమిషంలో వచ్చినా ఆ ఫైలు సున్నా నుంచే ఉండాలి, లేకపోతే అవతల దాన్ని చెవితో వెతికి అతికించుకోవాలి. రెండోది రివర్బ్, అంటే గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని. గొంతు రివర్బ్ గొంతు స్టెమ్‌లోనే వెళ్లాలి. రివర్బ్ అంతా కలిపి వేరే స్టెమ్‌గా ఇస్తే, గొంతు పెంచినప్పుడు రివర్బ్ వెనకే ఉండిపోయి పాడే మనిషి హఠాత్తుగా ముందుకొచ్చినట్టు ఉంటుంది. మూడోది ట్రాకులన్నీ కలిసే మాస్టర్ ఛానెల్ మీది కంప్రెసర్, అంటే గట్టి శబ్దాలను అణిచే సాధనం. మిక్స్‌లో అది అన్ని వాద్యాలూ కలిసిన శబ్దానికి స్పందిస్తుంది. గొంతు ఒక్కటే సోలోలో పెట్టి ఫైలుగా తీస్తే, కిక్ లేదు కాబట్టి అది వేరుగా పనిచేస్తుంది. స్టెమ్స్ తీసేటప్పుడు దాన్ని ఆపేయాలి, దాని సెట్టింగులు రాసి పంపాలి.

తీశాక పరీక్ష ఒకటుంది, వదలొద్దు. కొత్త ప్రాజెక్టులో స్టెమ్స్ అన్నీ సున్నా డీబీలో పెట్టి, కంప్రెసర్ ఆపి తీసిన స్టీరియో మిక్స్‌ని పోలారిటీ తిరగేసి (అలను తలకిందులు చేసి) పక్కన వేయండి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ వినపడకపోతే లెక్క సరిపోయినట్టు. కోరస్ ఎఫెక్టు (బృందగానం కాదు, ఒక శబ్దాన్ని చాలా శబ్దాల్లా వినిపించే ఎఫెక్టు), కొన్ని రివర్బులు ప్రతిసారీ కాస్త వేరుగా పలుకుతాయి కాబట్టి సన్నటి శేషం మిగిలితే ఫర్వాలేదు. తాళం స్పష్టంగా వినపడితే మాత్రం ఏదో ట్రాక్ తప్పిపోయింది, లేదా రెండు స్టెమ్స్‌లో పడింది.

స్టీరియో ఫైలుకి ఇంత తతంగం లేదు. గట్టిగా వినిపించడం కోసం పెట్టిన లిమిటర్ తీసేయండి. మొదటి నుంచీ కంప్రెసర్ పెట్టుకునే మిక్స్ చేసి ఉంటే అది మిక్స్‌లో భాగమే, ఉంచండి. పీక్స్ (శబ్దం అత్యధికంగా లేచే చోట్లు) −6 నుంచి −3 డీబీ మధ్య ఉంటే చాలు. అంతకంటే తక్కువున్నా 24 బిట్‌లో నష్టం లేదు. సున్నా దాటి 24 బిట్‌లో సేవ్ చేస్తే మాత్రం తెగిన అంచు తిరిగి రాదు. సున్నా దాటినదాన్నీ దాచుకునే 32 బిట్ ఫ్లోట్‌లో అయితే తగ్గించుకుని కాపాడుకోవచ్చు. లెవెల్ తగ్గించడానికి ట్రాకుల ఫేడర్లన్నీ దించితే కంప్రెసర్ పట్టు వదిలి మిక్స్ మారిపోతుంది. దాని అవుట్‌పుట్ తగ్గించడమే సరైన పని.

రికార్డు చేసిన శాంపిల్ రేటులోనే (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క) పంపండి. 44.1 కిలోహెర్ట్జ్‌ని 96కి మార్చినంత మాత్రాన కొత్తగా వచ్చేదేమీ లేదు. ఎంపీ3 ట్రాక్ మీద పాడి, దాన్ని వేవ్‌గా మార్చినా అంతే. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ నిమిషానికి సుమారు 17 ఎంబీ. అయిదు నిమిషాల పాటకి 86 ఎంబీ, అయిదు స్టెమ్స్ అయితే 430 దాటుతుంది. జిప్ చేసి డ్రైవ్ లింకు పంపడం మేలు. పాట ముందు ఒకటి రెండు సెకన్లు, చివర రివర్బ్ పూర్తిగా ఆరేదాకా వదలండి. ఫ్యాను హోరు, వర్షాకాలం కప్పల అరుపులు మొదట్లో పడ్డాయని కత్తిరించొద్దు. నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్‌కి ఆ ఖాళీ శబ్దమే నమూనా.

ఇక మూడో దారి. స్టెమ్స్ అడిగేవాళ్లలో చాలామందికి ఉండే అసలు అనుమానం ఒక్కటే, గొంతు సరిపోయిందా లేదా అని. దానికి మూడు స్టీరియో ఫైళ్లే జవాబు. వాటితోపాటు గొంతు లేని ట్రాక్ కూడా అప్పుడే తీసి పంపండి. చర్చిలోనో భజనలోనో పాడుకోవడానికి తర్వాత ఎలాగూ అడుగుతారు, రెండూ ఒకేసారి మాస్టర్ అయితే నాదం ఒకేలా ఉంటుంది.

పాట ఎక్కడ మోగుతుందో కూడా చెప్పాలి. యూట్యూబ్ సుమారు −14 లఫ్స్ (LUFS, పాట మొత్తం గట్టిదనానికి కొలత) కంటే గట్టిగా ఉన్నదాన్ని తగ్గించి వినిపిస్తుంది, కాబట్టి అక్కడికి −8కి నొక్కి పంపితే మిగిలేది నలిగిన డోలే. తీర్థంలో ప్రభల ముందో, 2027 గోదావరి పుష్కరాలకు రేవు దగ్గరో పెన్‌డ్రైవ్ నుంచి మైకుసెట్టులో మోగితే అలా సర్దేవాళ్లుండరు. పక్క పాట గట్టిగా ఉంటే మీది వెలవెలబోతుంది. రెండు చోట్లకూ కావాలంటే రెండు మాస్టర్లు అడగండి. పైగా మైకుసెట్టు హారన్లు మోనో, అడుగు బేస్ పలకవు. పంపేముందు మిక్స్‌ని మోనోలో పెట్టి వినండి. వెడల్పు కోసం సాగదీసిన కోరస్ అక్కడ మాయమైతే, ఆ లోపం మిక్స్‌లోనే దిద్దాలి. ఫైలుతోపాటు లిమిటర్ ఉన్న గట్టి కాపీ ఒకటి, వినికిడి నమూనాగా నచ్చిన పాట పేరు, శాంపిల్ రేటు, మీ అనుమానం ఒక్క వాక్యంలో రాసి పెట్టండి. ఆ వాక్యం "కిక్ ఎక్కువైందేమో" అయితే స్టెమ్స్, "గొంతు చాలదేమో" అయితే మూడు ఫైళ్లు.