సిగ్నల్‌కి కళ్లొచ్చాయి, నోరింకా రాలేదు: బెంగళూరులో ఏడాదిన్నర వాడాక

రామమూర్తినగర్ నుంచి కోరమంగళ, రోజూ పోనూ రానూ. టిన్ ఫ్యాక్టరీ, పాత మద్రాస్ రోడ్డు, ఇందిరానగర్ హండ్రెడ్ ఫీట్ రోడ్డు, దొమ్మలూరు, ఇన్నర్ రింగ్ రోడ్డు... ఈ దారిలో నేను వాడుతున్నవి మూడు. ట్రాఫిక్‌ని బట్టి టైమ్ మార్చుకునే అడాప్టివ్ సిగ్నళ్లు (మనం వాడేదేముంది, అవే మనల్ని వాడుకుంటాయి), ఏడాస్ (ముందున్న బండ్లని రాడార్‌తో పసిగట్టి డ్రైవర్‌కి సాయం చేసే ఏర్పాటు) ఉన్న కారు, ఫోన్లో సిగ్నల్ సెకన్లు చూపించే మ్యాప్ యాప్. యాప్‌లో ఆ సెకన్లు ఈమధ్యే వచ్చాయి, మిగతా రెండూ ఏడాదిన్నరగా ఉన్నవే. కారు కొనేముందు వీడియోల్లో చూసింది వేరు, వాడాక తెలిసింది వేరు, అందుకే రాస్తున్నా.

ముందు సిగ్నళ్లు. ఇవి కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల కోసికాస్ట్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి, మన దేశంలో తయారైనదే, బయటి సరుకు కాదు. స్తంభం మీద కెమెరా ఏ వైపు ఎన్ని బండ్లున్నాయో చూస్తుంది, ఇటు బండ్లు అయిపోతే గ్రీన్ కట్ చేసి అటు ఇచ్చేస్తుంది. రోడ్డులో వైరు చుట్ట పాతిపెట్టి పైన బండి పోతే పసిగట్టే పద్ధతి కూడా ఉంది గానీ అది లేన్‌లో నిలబడే జనాలకి, మనం రెండు లేన్లలో నాలుగు వరసలు నిలబడి మధ్యలో ఇంకో రెండు స్కూటీలు దూర్చే రకం, మనకి పైనుంచి చూసే కన్నే కరెక్టు. రాత్రి పదకొండు దాటాక ఖాళీ రోడ్డుకి దండం పెట్టుకుంటూ కూర్చునే ఖర్మ చాలా వరకు తప్పింది, ఇది మాత్రం ఒప్పుకోవాలి.

పోయింది ఏంటంటే కౌంట్‌డౌన్ బోర్డు. గ్రీన్ ఎంతసేపో సిగ్నల్‌కే ముందుగా తెలీనప్పుడు మనకేం చూపిస్తుంది? ఇదివరకు 120 కనిపిస్తే అందరూ ఇంజన్ ఆపేవాళ్లు, ఇప్పుడు ఎవడూ ఆపడు, క్లచ్ మీద కాలేసుకుని కాచుకుని ఉంటారు. చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఆటో తోలే ఒకాయన అన్నాడు, "ముందైతే ఎంతసేపో తెలిసేది సార్, టీ తాగి కూడా వచ్చేవాణ్ణి" అని.

యాప్ సెకన్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. సిగ్నల్ నుంచి కంట్రోల్ రూమ్‌కి, అక్కడి నుంచి సర్వర్‌కి, సర్వర్ నుంచి నా ఫోన్‌కి వచ్చేసరికి ఒకట్రెండు సెకన్లు తేడా. కానిస్టేబుల్ చేత్తో నడపడం మొదలుపెట్టాడా, 27 అన్నది టక్కున 60కి పోతుంది. ఇంజన్ ఆపాలా వద్దా అని చూసుకోడానికి చాలు, దాన్ని నమ్మి బండి దూకించడానికి మాత్రం కాదు.

కారు ఏడాస్ సంగతి. అనంతపురం పోయేటప్పుడు దేవనహళ్లి దాటాక ఎన్‌హెచ్ 44 మీద అద్భుతం, ముందు బండికి తగ్గట్టు అదే స్పీడు తగ్గిస్తుంది, పెంచుతుంది, కాళ్లకి పని లేదు. ఊళ్లో అయితే స్కూటర్ అడ్డం వచ్చిన ప్రతిసారీ కుయ్యో మొర్రో, లేన్ వార్నింగ్ మొదటి వారంలోనే ఆపేశా.

ఇక అసలు విషయం. మొన్న వానాకాలంలో సాయంత్రం పూట, తుంపర పడతా ఉంది, ఓ జంక్షన్లో (పేరెందుకులెండి) రైట్ తిరుగుతున్నా. ఎదురుగా సిటీ బస్సు కూడా వాళ్ల రైట్‌కి తిరగడానికి నిలబడింది. దాని వెనకాల ఏముందో నాకు కనపడదు, బంపర్లో ఉన్న రాడార్‌కి అసలే కనపడదు. మెల్లగా పోనిస్తున్నా, మా ఆవిడ "ఏమండీ ఆగండి!" అని అరిచింది, బస్సు చాటునుంచి స్కూటర్ రివ్వున వచ్చింది, హ్యాండిల్ నా బంపర్‌కి గీరుకుంది, అబ్బాయి పడలేదు, దేవుడి దయ. కారు బీప్ కొట్టింది, ఎప్పుడు, అంతా అయిపోయాక. తలెత్తి చూస్తే స్తంభం మీద కెమెరా. దానికి నేనూ కనిపించా, బస్సూ కనిపించింది, ఆ స్కూటరూ కనిపించింది. బండ్లు లెక్క పెట్టుకుంది అంతే, మా ఇద్దర్లో ఎవరికీ చెప్పే దారి దానికి లేదు.

జపాన్లో అలా కారుకి చెప్పే దారి 2015 నుంచే ఉంది. టొయోటా వాళ్ల ఐటీఎస్ కనెక్ట్ అని, జంక్షన్లో రోడ్డు పక్కన పెట్టిన సెన్సర్ ఎదురొచ్చే బండ్లనీ రోడ్డు దాటే మనుషుల్నీ చూసి 760 మెగాహెర్ట్జ్ రేడియోలో కారుకి చెప్తుంది, డ్రైవర్ చూసుకోకుండా తిరగబోతే కారు హెచ్చరిస్తుంది. వాళ్లూ మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి వాళ్లకీ ప్రమాదం రైట్ టర్న్‌లోనే. ఆ ఫ్రీక్వెన్సీ బస్సుల చాటుకి, బిల్డింగుల మూలలకి కాస్త వంగి పోతుందని దాన్ని పెట్టుకున్నారు. మిగతా దేశాల్లో ఎక్కువగా 5.9 గిగాహెర్ట్జ్, యూరప్‌లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ 8 లాంటి కార్లు దాంట్లో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అమెరికా పద్ధతిలో అయితే బండి నేనిక్కడున్నా, ఇంత స్పీడులో ఉన్నా అని సెకనుకి పదిసార్లు చెప్పాలి.

అది అలాగే తెచ్చి ఇక్కడ పెడితే నాకేం లాభం? ఆ స్కూటర్‌కి రేడియో ఎక్కడిది? మన రోడ్ల మీద సగానికి పైగా టూ వీలర్లే, అన్నిటికీ డబ్బా బిగించేసరికి మన పిల్లలకి పెళ్లిళ్లయిపోతాయి. అందుకే బండ్ల మధ్య మాటలొక్కటే పెట్టినా, కెమెరాలొక్కటే పెట్టినా మనకి చాలదు. మాట్లాడలేని స్కూటర్ తరఫున ఆ స్తంభమే మాట్లాడాలి. అదీ సర్వర్ చుట్టూ తిరిగి రాకూడదు, జంక్షన్లోనే అక్కడికక్కడ, కన్నుమూసి తెరిచేలోపు.

మన కార్లకీ ఒక రేడియో ఉందిగా, ఫాస్టాగ్, అనొచ్చు. బాగేపల్లి టోల్‌లో బాగానే పనిచేస్తుంది. కానీ దానికి బ్యాటరీ లేదు, రీడర్ తరంగం తగిలితేనే ప్రాణం, బళ్లో అటెండెన్స్ పిలిస్తే ప్రెజెంట్ సార్ అన్నట్టు నంబర్ చెప్పి ఊరుకుంటుంది. నాకు తిరిగి ఏమీ చెప్పదు.

మా నాయనకి ఈ కథంతా చెప్పా. ఆయన ఇరవై ఏళ్లు లారీ నడిపినాడు. "అంటే క్లీనర్ లేడు, అంతే కదప్పా" అన్నాడు. దసరాకి వచ్చినప్పుడు అదే జంక్షన్లో నా పక్క సీట్లో కూర్చున్నాడు, బస్సు అడ్డం రాగానే అద్దం దించి తల బయట పెట్టి డోర్ మీద అరచేత్తో బాదుతూ "రానీ రానీ రానీ... హోల్డాన్!"