ఇన్వర్టర్‌తో ఆరేళ్ళు: డబ్బా మీది అంకెలు నాకు ఎలా అర్థమయ్యాయంటే

మాది అమలాపురం దగ్గర పల్లె. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు, వాటి మధ్య నుంచే కరెంటు తీగలు. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, మట్ట తీగ మీద పడి కరెంటు పోతుంది. ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు టైపు చేస్తుంటాను. అందుకే 2019 జూన్‌లో 900 వీఏ సైన్ వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ ఎంత కరెంటు నిలవ ఉంచుతుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ కొన్నాను. ఆరేళ్ళు దాటాయి. కొత్తగా కొనేవాళ్ళకి కొట్లో ఎవరూ విడమర్చి చెప్పని సంగతులే ఇందులో రాస్తున్నాను.

బిగించిన వారానికే కరెంటు పోయి ఉండగా అమ్మ కొబ్బరి పచ్చడికి మిక్సీ వేసింది. ఇన్వర్టర్ కీచుమంది, ఇల్లంతా చీకటైపోయింది. బిగించిన కుర్రాణ్ణి పిలిచి, "900 అని రాసుంది కదా, 500 వాట్ల మిక్సీకే ఆగిపోయిందేంటి?" అన్నాను. "అవి వీఏలు బాబాయ్. వాట్లు కిందన చిన్నక్షరాల్లో ఉన్నాయి, చూడండి" అన్నాడు. చూస్తే 720. ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది వీఏ, అందులో మనకు నిజంగా పనికొచ్చేది వాట్లు. అప్పటికే ఫ్యాన్లు రెండు 150, ఎల్ఈడీ బల్బులు మూడు 27, కంప్యూటర్, వైఫై కలిపి 130 దాకా. అంటే 300 వాట్లు నడుస్తూనే ఉన్నాయి. మిక్సీతో 800 దాటింది. ఫ్రిజ్ ఇంకో రకం చిక్కు. నడిచేటప్పుడు తక్కువే తీసుకున్నా, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ రెండు ప్లగ్గులనూ ఇన్వర్టర్ లైను నుంచి తప్పించాడు. ఆ తర్వాత ఓవర్‌లోడ్ అన్న మాటే లేదు.

సైన్ వేవ్‌కి ఎక్కువ డబ్బు పెట్టినందుకు ఏనాడూ బాధపడలేదు. మన ఇంటికొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు నున్నగా అలలా లేచి పడుతుంది. మా పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ దాన్ని మెట్లుమెట్లుగా ఇచ్చేది. రాత్రంతా ఫ్యాన్లు గుయ్యిమంటుంటే నాన్నగారికి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు కరెంటు పోయిందని ఫ్యాను చప్పుడుని బట్టి తెలుసుకోలేం.

కంప్యూటర్ ఉన్నవాళ్ళు మాత్రం వెనక ఉండే చిన్న స్విచ్చి సంగతి తెలుసుకుని తీరాలి. మొదటి నెలలో కరెంటు పోయినప్పుడల్లా బల్బులు ఒక్కసారి మినుక్కుమని వెలుగుతూనే ఉండేవి, కంప్యూటర్ మాత్రం ఆగి మళ్ళీ మొదలయ్యేది. సేవ్ చేయని శుభలేఖ ఒకటి అలాగే పోయింది. ఆ స్విచ్చిని యూపీఎస్ మోడ్‌లోకి మార్చాక మళ్ళీ ఆగలేదు. బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఆ మోడ్‌లో సెకనులో వందో వంతుకు అటూఇటూగా ఉంటుంది. అంత చిన్న ఖాళీని కంప్యూటర్ పవర్ సప్లై తనలో నిలవ ఉన్న కరెంటుతో దాటేస్తుంది. మామూలు మోడ్‌లో ఖాళీ అంతకంటే ఎక్కువ. అయితే యూపీఎస్ మోడ్‌కి ఓల్టేజి పట్టింపు. 180 ఓల్టుల కిందికి పడితే కరెంటున్నా బ్యాటరీకి మారిపోతుంది. వేసవి రాత్రుళ్ళు చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లన్నీ తిరిగే వేళకి మా వీధిలో ఓల్టేజి పడిపోతుంది, బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది. అందుకని పని ముగించి కంప్యూటర్ కట్టేయగానే స్విచ్చి మామూలు మోడ్‌కి తిప్పేస్తాను.

ఇక ఏహెచ్. 150 ఏహెచ్‌ని 12 ఓల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు. కాగితం మీద 300 వాట్లకి ఆరు గంటలు రావాలి. కొత్తలోనే నాకొచ్చింది నాలుగు గంటల లోపు. మోసమేమీ కాదు. ఆ 150 అనేది బ్యాటరీని 20 గంటలపాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. ఒక్కసారిగా ఎక్కువ లాగితే బ్యాటరీ అంత ఇవ్వదు, పైగా ఇన్వర్టర్ కొంత తినేస్తుంది. ఫ్యాన్లూ బల్బులూ మాత్రమే ఉంచితే ఆరు గంటలు పైనే వచ్చేది.

బ్యాటరీ నీళ్ళ విషయంలో తప్పు నాదే. మూడో ఏడు వేసవిలో నాలుగు నెలలు చూడలేదు. మూతల మీద నీటి మట్టం చూపే ఆరు బుడిపెల్లో రెండు ఎర్ర గీత దాకా దిగిపోయాయి. ప్లేట్లు గాలికి తేలితే ఆ మేరకు దెబ్బతింటాయి. అప్పటి నుంచే బ్యాకప్ తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు రెండు నెలలకోసారి గరాటా పెట్టి, బుడిపె ఆకుపచ్చ గీతకి లేచేదాకా డిస్టిల్డ్ వాటర్ పోస్తాను. బోరు నీళ్ళు, ఫిల్టరు నీళ్ళు వద్దు, వాటిలోని ఉప్పులు ప్లేట్లకి చేటు. మా ఉప్పుగాలికి టెర్మినళ్ళ మీద తెల్లగా, నీలంగా పొడి కట్టేస్తుంది. ఇన్వర్టర్ ఆపి, వేడి నీళ్ళ గుడ్డతో తుడిచి, ఆరాక వాజలీన్ రాస్తే మళ్ళీ కట్టడానికి చాలా రోజులు పడుతుంది. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి బ్యాటరీని మూసిన గదిలో కాక వరండాలో పెట్టాను.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మాకు రెండు రోజులు కరెంటు లేదు. అప్పటికి బ్యాటరీ శక్తి సగమే. చలికి ఫ్యాన్లతో పనిలేదు, అందరికీ కావలసింది ఫోన్లే. 5000 ఎంఏహెచ్ అంటే 5 ఏహెచ్. ఫోను బ్యాటరీ నాలుగు ఓల్టుల లోపే కాబట్టి అది నిండటానికి 20 వాట్ అవర్లు, ఛార్జరు నష్టంతో పాతిక. మా ఫ్యాను గంట తిరగడానికి పట్టేది 75. అంటే ఒక గంట ఫ్యానుకి మూడు ఫోన్లు. ఆ లెక్క వేసుకున్నాకే అత్తయ్యగారి వీధి మొత్తానికి కబురు పెట్టాను. హాల్లో ఒక్క బల్బు వెలిగించి, వంతులవారీగా పదహారు ఫోన్లు నింపాం.

వేసవి లోపు బ్యాటరీ మార్చాలి. లిథియం అయితే నీళ్ళ బెడద లేదు, కానీ మా ఇన్వర్టర్ ఛార్జరు ట్యూబులర్ లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీకి చేసింది, దానితో పాటు ఇన్వర్టర్ కూడా మార్చాల్సి వస్తుంది. ఇదేమో ఆరేళ్ళలో ఒక్కసారీ రిపేరుకి వెళ్ళలేదు. మళ్ళీ 150 ఏహెచ్ ట్యూబులరే తెస్తాను.