కొబ్బరి పద్దుల లాప్‌టాప్‌లో మూడేళ్ళ ఎక్స్‌ఎఫ్‌సీఈ

అంబాజీపేటలో మాది కొబ్బరి కొట్టు. వెయ్యి కాయల ధర, దింపు కూలి, కురిడీ (ఎండు కొబ్బరి) రకాల్లో గండేరా ఎంత, గటగటా ఎంత అన్నీ నాన్నగారు అట్ట పుస్తకంలో రాసేవారు. 2022 దసరాకి ఆ పద్దులు లాప్‌టాప్‌లోకి మార్చాను. నాలుగు జీబీ ర్యామ్, 1366×768 తెర ఉన్న పాత మిషను. దాని మీద లినక్స్ మింట్ 21 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, పాత మిషన్లకి తేలిగ్గా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వేశాను. మూడేళ్ళుగా నేనూ నాన్నగారూ రోజూ దాని ముందే కూర్చుంటున్నాం.

మొదట్లో ప్యాపిరస్ ఐకాన్లు, కింద ప్లాంక్ అనే ప్రోగ్రాముల బొమ్మల వరుస, తెర మీద కాంకీ గడియారం పెట్టాను. వాటిలో ఇప్పటికీ ఉన్నది ప్యాపిరస్ ఒక్కటే. కాంకీ అందంగానే ఉండేదండి, కానీ పని చేస్తున్నంతసేపూ పద్దులు రాసే కాల్క్ విండో దాన్ని కప్పేస్తుంది. 768 పిక్సెళ్ళ ఎత్తులో ప్లాంక్ ఆక్రమించే జాగా రెండు మూడు వరుసల పద్దు. తీసేశాను.

కంటికి సుఖం కలిగించింది తెలుగు అక్షరాన్ని సరిచేసుకోవడం. తెరిచిన విండోల పేర్లు చూపే పట్టీ, అంటే ప్యానెల్, 24 పిక్సెళ్ళుండగా ఫైలు పేరులో "లక్ష్మి" అని వస్తే కింది వత్తు తెగిపోయేది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. ఇంగ్లీషు అక్షరం కొలతకి కట్టిన గదిలో అది పట్టదు. ప్యానెల్‌ని 32 చేస్తే అక్కడ బాగుపడింది. విండో పైపట్టీ మాత్రం లొంగలేదు. విండో చట్రాలు గీసే ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం థీముల్లో ఆ పట్టీ బొమ్మలతో కట్టి ఉంటుంది, ఫాంటు పెంచినా ఎత్తు పెరగదు. డిఫాల్ట్-హెచ్‌డీపీఐ అనే థీము పట్టీ ఎత్తు ఎక్కువ. చూడ్డానికి సాదాగా ఉన్నా అక్షరం నిండుగా కనిపిస్తుంది, నాకదే కావాలి.

ఫాంట్లకి ఫాంట్స్-తెలుగువిజయం అనే ప్యాకేజీ వేసుకుంటే మండలి, రామభద్ర, గిడుగు వంటివన్నీ ఒకేసారి వస్తాయి. పోతన 2000 కాగితం మీద నాకు ప్రాణం, ఈ తెర మీద సన్నబడిపోయింది. రోజంతా చదవడానికి నోటో సాన్స్ తెలుగు దగ్గర ఆగాను, బిల్లు ముద్రించేటప్పుడు మండలి. కాల్క్ ఉండే లిబ్రెఆఫీస్‌లో ఒక మెలిక ఉంది. అక్కడ తెలుగు ఫాంటు, సైజు ఇంగ్లీషువాటితో కలవవు, కాంప్లెక్స్ టెక్స్ట్ అని వేరే గడిలో ఉంటాయి. ఇది తెలియక రెండు వారాలు పైగడిలో సైజు పెంచుతూ పోయాను, తెలుగు కదల్లేదు.

చీకటి థీము రాత్రిపూట హాయిగా ఉంటుంది. పగలు వసారాలో, కాయల రాశి పక్కన కూర్చుంటే తెరలో మన ముఖమే కనపడుతుంది. అందుకని రెండూ ఉంచుకున్నాను. అమరికలు మార్చే ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్-క్వెరీ ఆజ్ఞలతో రెండు చిన్న స్క్రిప్టులు రాసి, ఒక్కోదానికీ ఒక షార్ట్‌కట్ కీ ఇచ్చాను. లోపలి థీము, ఐకాన్లు ఒకచోట, విండో చట్రం ఇంకోచోట మార్చాలి. ఒకటి మరిస్తే నల్ల విండోకి తెల్ల టోపీ పెట్టినట్టుంటుంది.

బయటి నుంచి దించుకున్న థీములంటే నాకు నమ్మకం పోయింది. మింట్ 22కి మారాక ఒకదాంట్లో చెక్‌బాక్సు టిక్కు కనపడటం మానేసింది. బాకీ తీరిందో లేదో టిక్కుతో గుర్తు పెట్టుకునేవాళ్ళకి అది చిన్న విషయం కాదు. అప్పట్నుంచీ లోపలి థీముకి మింట్-వై, దాని డార్క్ రూపం, ఈ రెండే.

మా బావ కొత్త లాప్‌టాప్‌లో కేడీఈ ప్లాస్మా అనే ఇంకో డెస్క్‌టాప్ వాడి చూశాను. మార్చుకునే వీలు దాంట్లో ఇంతకు పదింతలు. కానీ 2024 ఫిబ్రవరిలో ప్లాస్మా 6 వచ్చాక పాత విడ్జెట్లు తిరగరాస్తేగానీ నడవలేదు. ఆ మార్చిలోనే ఒక గ్లోబల్ థీము వేసుకున్నాయన ఫైళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి, కేడీఈ వాళ్ళే జాగ్రత్తగా ఉండమన్నారు. థీములో రంగులే కాదు, నడిచే కోడ్ కూడా ఉండొచ్చని అప్పుడే తెలిసింది. గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్‌లోనూ 45వ వెర్షన్‌కి పొడిగింపులన్నీ సవరించాల్సొచ్చింది. పద్దుల మిషనుకి ఈ కుదుపులు వద్దు.

సిస్టమ్‌ని పాత స్థితికి తిప్పే టైమ్‌షిఫ్ట్ ఉందికదా అని ధీమాగా ఉండకండి. మామూలుగా అది హోమ్ ఫోల్డర్ని ముట్టుకోదు, మన అమరికలన్నీ ఉండేది అక్కడే. అందులో డాట్ కాన్ఫిగ్ అనే దాచిన ఫోల్డర్లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఫోల్డర్ని నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి తీస్తాను.

నాన్నగారు "అక్షరం ఇంకొంచెం పెద్దది చెయ్యరా" అంటే అక్షరాల కొలతని నిర్ణయించే డీపీఐని 96 నుంచి 110కి పెంచాను. ఆయనకి బాగుంది. అయితే కొన్ని సెట్టింగుల పెట్టెలు తెర దాటిపోయి, కింది బటన్లు అందడంలేదు. ఆల్ట్ నొక్కి పెట్టి విండోని మౌసుతో పైకి లాగితే దొరుకుతాయి. ఈ తెర మీద దీనికి ఇంతకన్నా మంచి దారి నాకింకా దొరకలేదు.