పాత కమిన్స్ బండితో కొలరాడో దాకా: మైలేజీ, మజిలీలు

డాలస్ నుంచి కొలరాడోలోని గ్రేట్ శాండ్ డ్యూన్స్ అనే ఇసుక కొండల జాతీయ పార్కుకి, బస చేసే ట్రైలర్ తగిలించుకుని వెళ్లొచ్చాం. బండి 2001 డాడ్జ్ రామ్ 2500. 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజను, మాన్యువల్ గేర్లు. ఇక్కడ మనవాళ్లు ఎవరు చూసినా ముందు అడిగేది మైలేజీ ఎంతని. లోడుతో కలిపి బరువు పరిమితి 8,500 పౌండ్లు దాటిన పికప్‌లకు అమెరికా ప్రభుత్వం మైలేజీ అంకె ప్రకటించదు. అందుకే వీటి గురించి ఎవరి లెక్క వాళ్లదే.

మా లెక్క ఇదీ. ఖాళీ బండి 65 మైళ్ల వేగంలో గాలన్‌కు 18 మైళ్లు దాటుతుంది, అంటే లీటరుకు దాదాపు 8 కిలోమీటర్లు. ట్రైలర్ లాగితే 11. విచిటా ఫాల్స్ దాటి 287 హైవే మీద అమరిల్లో వైపు వెళ్తుంటే గాలి ఎదురుకొట్టి అది 9కి పడిపోయింది. వేగం 70 నుంచి 62కి తగ్గించాక మళ్లీ 11కి చేరింది. చదును రోడ్డు మీద డీజిల్ తాగేది ట్రైలర్ బరువు కన్నా దాని ముందు గోడకు కొట్టే గాలే. పెద్ద ఇంజను కదా, తొక్కుకుంటూ పోదాం అనుకునేవాళ్లు బంకుల్లోనే సగం జీతం వదులుకుంటారు.

బంకుల మాట వచ్చింది కాబట్టి, ట్రైలర్ ఉంటే పెద్ద లారీల లేనుకే వెళ్లండి, తిప్పుకోవడం సులువు. అయితే అక్కడ డీజిల్ మహా జోరుగా వస్తుంది. ట్యాంకు మూతి దాకా నురగ పొంగి, నాజిల్ టక్కుమని ఆగిపోతుంది. నిండిందనుకుని వచ్చేస్తే ఆ ట్యాంకు మైలేజీ లెక్కంతా తప్పే. నురగ దిగేదాకా ఆగి, నెమ్మదిగా పైదాకా పోయాలి. మేం ఏ ఒక్క ట్యాంకు అంకెనూ నమ్మం, కొన్నిటి సగటు తీస్తాం.

మొదటి మజిలీ అమరిల్లో దగ్గరి పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్కు. లోయలోకి దిగే రోడ్డు 10 శాతం వాలు. మా బండికి ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని బిగించి ఇంజనుతోనే బండి వేగం తగ్గించేది) లేదు, అందుకని రెండో గేరులో పాకుతూ దిగాం. కింద కరెంటు, నీళ్లు ఉన్న సైట్లున్నాయి. ఎర్రమట్టి గోడల మధ్య సాయంత్రం ఎంత బాగుందో! లైట్‌హౌస్ రాయి దాకా నడక రానుపోను 6 మైళ్లు. ఎండాకాలమైతే పొద్దున్నే ముగించాలి.

న్యూమెక్సికో, కొలరాడో సరిహద్దులోని రాటన్ కనుమ ఎత్తు 7,834 అడుగులు. ఎక్కేటప్పుడు మైలేజీ వైపు చూడకండి, ఇంజను టెంపరేచర్ ముల్లు చూడండి. ఆవల ట్రినిడాడ్ దగ్గర ఒక ప్రైవేటు ఆర్‌వీ పార్కులో (ట్రైలర్లు నిలుపుకుని బస చేసే చోటు) పడుకున్నాం. ట్రైలర్ నేరుగా లోపలికి పోయే స్థలం బుక్ చేస్తే, చీకట్లో వెనక్కి పెట్టాల్సినది ఇచ్చారు. పైగా రాత్రంతా హైవే హోరు. ఆ మజిలీ మానేసి అమరిల్లో నుంచి ఒకే పగలు ఇసుక కొండల దగ్గరి ఊరు అలమోసా చేరడం నయం.

ఈ ప్రయాణంలో కలిసొచ్చింది అలమోసాలోనే. ట్రైలర్‌ను కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ ఉన్న చోట పెట్టేసి, ఖాళీ బండితో తిరిగాం. ఇసుక కొండలకు 35 మైళ్లే. 10,857 అడుగుల వుల్ఫ్ క్రీక్ కనుమ దాటి పగోసా స్ప్రింగ్స్ వేడినీటి గుండాలకు పోయొచ్చినా గాలన్‌కు 16 మైళ్లు ఇచ్చింది. ఇసుక కొండల పార్కు లోపలి పిన్యన్ ఫ్లాట్స్ క్యాంపుగ్రౌండులో నక్షత్రాలు పిండారబోసినట్టుంటాయి, కానీ కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఉండవు. గుడారం వేసుకునేవాళ్లకు అదే మేలు. మే చివర, జూన్ మొదట్లో ఇసుక కొండల పక్కన మెడానో వాగు పారుతుంది, పిల్లలు నీళ్లలోంచి బయటికి రారు. వేసవి మధ్యాహ్నం ఇసుక 150 ఫారెన్‌హీట్ దాకా కాలుతుంది, చెప్పులతో ఎక్కొద్దు, బూట్లు వేసుకోండి.

1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన 24 వాల్వుల కమిన్స్ ఉన్నవాళ్లకు ఒక మాట. వీటి ఇంజెక్షన్ పంపును చల్లబరిచేది, దానికి కందెన అయ్యేది డీజిలే. దాన్ని అందించే చిన్న లిఫ్ట్ పంపు నీరసిస్తే ఖరీదైన ఆ పెద్ద పంపు పోతుంది. డీజిల్ ఒత్తిడి చూపే ఫ్యూయల్ ప్రెజర్ గేజ్ పెట్టించుకోకుండా ఇంతదూరం బయల్దేరకండి. ఇక ఎవరైనా సరే, ట్రినిడాడ్ దాటాక వచ్చే వాల్సెన్‌బర్గ్‌లోనే ట్యాంకు నింపుకోండి. అక్కడి నుంచి 9,413 అడుగుల లా వెటా కనుమ ఎక్కాలి, ఇసుక కొండల పార్కు లోపల బంకు లేదు.