బాత్రూమ్ ఈగలకు డ్రెయిన్ బ్రష్షు: కొనదగిన వస్తువేనా?

హార్డ్‌వేర్ దుకాణాల్లో ఫినాయిల్ డబ్బాల పక్కన కొక్కేనికి వేలాడుతూ కనిపించే పొడవాటి డ్రెయిన్ బ్రష్షును నీళ్లు నిలిచిపోయినప్పుడు మాత్రమే పనికివచ్చే సరుకుగా చాలామంది భావిస్తారు. బాత్రూమ్ గోడల మీద, అద్దం అంచున, తలుపు వెనుక బూడిద రంగులో వాలి ఉండే చిన్న ఈగలను వదిలించుకోవడానికి మా ఇంట్లో వాడిచూసిన వాటన్నింటిలో పెట్టిన డబ్బుకు తగిన పని చేసింది ఇదొక్కటే. మెలితిప్పిన తీగ, దాని చివర జానెడు మేర నైలాన్ కుచ్చు, రెండో చివర వేలు దూర్చి పట్టుకోవడానికి ఒక చుట్టు. ఇంతకుమించి ఇందులో ఏమీ లేదు. దీనికి అట్టపెట్టె లేదు, బ్రాండు పేరు లేదు, ధర నూటయాభై రూపాయల లోపే.

ఇది ఎందుకు పనిచేస్తుందో అర్థం కావాలంటే ఆ ఈగ ఎక్కడ పుడుతుందో చూడాలి. సైకోడిడే కుటుంబానికి చెందిన ఈ కీటకం పొడవు రెండు నుంచి ఐదు మిల్లీమీటర్లు మాత్రమే; ఒంటి నిండా, రెక్కల నిండా నూగు ఉండటం వల్ల వేలితో నలిపితే బూడిద రాలినట్లు గోడకు మరక అంటుకుంటుంది. సబ్బు, వెంట్రుకలు, ఒంటి మట్టి కలిసి గొట్టం లోపలి గోడకు పట్టే బంకలాంటి పాచిలోనే ఇది గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు సుమారు రెండు రోజుల్లో పొదుగుతాయి, లార్వాలు ఆ పాచినే తింటూ పెరుగుతాయి, మన దగ్గరి వేడికి రెండు మూడు వారాల్లో కొత్త తరం గోడ మీదికి వచ్చేస్తుంది. లార్వా తన తోక చివరనున్న గొట్టంతో గాలి పీల్చుకుంటుంది కాబట్టి పైనుంచి బకెట్లకొద్దీ నీళ్లు గుమ్మరించినా బంకలో తల దూర్చుకుని బతికే ఉంటుంది.

ఈ సంగతి పట్టించుకోని చికిత్సలన్నీ ఎగిరే ఈగతోనే ఆగిపోతాయి. మేము పిలిపించిన పెస్ట్ కంట్రోల్ వారు గోడలకు మందు కొట్టి, జాలీ చుట్టూ నాలుగు చుక్కలు చల్లి, ఏడాది ఒప్పందం కాగితం చేతిలో పెట్టి వెళ్లారు. వారం తిరగకముందే ఈగలు యథాస్థానంలో ఉన్నాయి. బ్లీచింగ్ ద్రావణం గొట్టం గోడలను తాకుతూ క్షణాల్లో జారిపోతుందే తప్ప పాచి లోపలికి దిగదు. వంటసోడా, వెనిగర్ కలిపి పోయమనే చిట్కా చూడటానికి బాగుంటుంది, నురుగు కూడా ఘనంగానే వస్తుంది. కానీ క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాక మిగిలేది దాదాపు ఉప్పునీరు వంటిదే. కాస్టిక్ సోడా పొడి వీటికన్నా నయం, జిడ్డును నిజంగానే కరిగిస్తుంది, అయితే అది కూడా అడుగున పారే దారినే శుభ్రం చేస్తుంది, గొట్టం పైభాగాన పట్టిన పాచి అలాగే ఉండిపోతుంది. బ్లీచింగును టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కిటికీ లేని బాత్రూముల్లో అది ప్రాణాంతకం. సలసల కాగే నీళ్లు పోయడం కూడా మంచిది కాదు, పీవీసీ గొట్టాలు, వాటి అతుకులు అంత వేడికి తయారైనవి కావు.

మా ప్లంబర్ ఒక్క మాటలో తేల్చేశాడు: "మందు ఎంత పోసినా గంతే సార్, జాలీ తీసి లోపల గోకాలె."

గోకే ముందు ఏ తూము నుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి. రాత్రి పడుకునే ముందు జాలీని పొడిగా తుడిచి, పారదర్శకమైన టేపును జిగురు వైపు కిందికి ఉండేలా అడ్డంగా అంటించి, కొంత గాలి ఆడేలా సందు వదిలితే తెల్లవారేసరికి దోషి దొరుకుతుంది. మా ఇంట్లో అనుమానించిన వంటింటి సింకు దగ్గర ఒక్కటీ అంటుకోలేదు. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే తెరిచే బాత్రూములో టేపు నిండా ఉన్నాయి. వాడని బాత్రూములో నహానీ ట్రాపులోని, అంటే జాలీ కింద నీరు నిలిచి ఉండే గిన్నెలోని నీరు ఆవిరైపోయి, కింది గొట్టానికీ గదికీ మధ్య అడ్డు లేకుండా పోవడం ఇందుకు తోడ్పడుతుంది.

జాలీ ఊడదీసి బ్రష్షును గోడకు నొక్కిపట్టి తిప్పుతూ పైకి లాగినప్పుడు వచ్చినది చూస్తే అప్పటిదాకా కొన్న సీసాలన్నీ ఎందుకు వృథా అయ్యాయో తెలిసిపోతుంది. నల్లగా, జున్నులా ముద్దకట్టిన పదార్థం, దానిలో చుట్టుకున్న వెంట్రుకలు, వాటి మధ్య మెల్లగా మెలికలు తిరుగుతున్న దారపు పోగుల్లాంటి లార్వాలు. దాన్ని తిరిగి తూములోకి కడగకుండా పాత కాగితంలోకి తీసి చెత్తలో పారేయాలి. జాలీ వెనుక వైపును, ట్రాపులోని గిన్నె వంటి భాగాన్ని కూడా అలాగే తోమి, చివరగా చేయి పట్టగలిగినంత వేడి నీళ్లు పోస్తే సరిపోతుంది. అప్పటికే ఎగురుతున్న పెద్ద ఈగలు రెండు వారాల వరకు బతుకుతాయి కాబట్టి మర్నాడే గోడలు ఖాళీ అవుతాయని ఆశించకూడదు. వాటిని తడిబట్టతో తుడిచేస్తూ, వారానికొకసారి బ్రష్షు తిప్పుతూ ఉంటే సంఖ్య తగ్గుతూ పోయి ఆగిపోతుంది.

వస్తువులో లోపాలు లేకపోలేదు. కుచ్చు చివర తీగ మొన బయటికి పొడుచుకుని ఉంటుంది, వాష్ బేసిన్ మెరుపు పూత మీద గీతలు పడతాయి. తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది, కుచ్చు వెంట్రుకలు ఊడి గొట్టంలోనే ఉండిపోతాయి. ట్రాపు మలుపు దాటి పోదు. బేసిన్ పైఅంచున నీరు పొంగకుండా పెట్టే చిన్న రంధ్రంలో లావు బ్రష్షు దూరనే దూరదు, ఈగలకు మాత్రం అది బాగా ఇష్టమైన చోటు.

జాలీ కింద బిగించే సిలికాన్ మూతలను కూడా ఇప్పుడు చాలామంది కొంటున్నారు. నీరు కిందికి పోగానే మూసుకుపోయే ఆ రెక్క ఈగను, బొద్దింకను, వాసనను ఆపుతుంది. కానీ ఒక్క వెంట్రుక ఇరుక్కుంటే సందు మిగిలిపోతుంది, నీరు పోవడం కూడా నెమ్మదిస్తుంది. లోపల తోమాక అమర్చుకుంటే ఉపయోగమే, తోమకుండా అమర్చితే సంతతి కింద పెరుగుతూనే ఉంటుంది. పాచిని తినే బ్యాక్టీరియా ఉండే ఎంజైమ్ జెల్ కూడా శుభ్రపరిచిన తరువాత పాచి మళ్లీ పట్టకుండా వాడుకోవలసినదే; దానితోపాటు బ్లీచింగ్ పోస్తే అందులోని బ్యాక్టీరియా చచ్చి డబ్బు దండగ అవుతుంది.

పిల్లలున్న ఇళ్లలో ఈ ఈగలను చూసి భయపడటం సహజమే, ఎందుకంటే 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల ప్రాణాలు తీసిన చాందీపుర వైరస్‌ను వ్యాపింపజేసే ఇసుక ఈగ కూడా ఇదే కుటుంబానికి చెందినది. అయితే ఇసుక ఈగ రక్తం పీల్చేది, బాత్రూమ్ ఈగ కుట్టదు. ఉబ్బసం ఉన్నవారికి చచ్చిన ఈగల పొడి ఇబ్బంది కలిగించవచ్చు కాబట్టి కిటికీ అంచుల్లో పోగుపడకుండా చూసుకోవాలి.

అన్ని తూములూ తోమినా ఈగలు తగ్గకపోతే బ్రష్షును నిందించి లాభం లేదు. అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబును పల్లంగా పోసి, దానిలో ఇటుక ముక్కలు నింపి, పైన టైల్స్ పరుస్తారు. కింది గొట్టం కారితే ఆ మురుగు అక్కడే నిలిచి, టైల్స్ సందుల నుంచి ఈగలు పుట్టుకొస్తాయి. కింది ఫ్లాటు పైకప్పు మీద తడి మరక ఉందేమో అడిగి తెలుసుకుని ప్లంబర్‌ను పిలవాలి.

కొనేటప్పుడు లావుది ఒకటి, బేసిన్ రంధ్రం కోసం సన్ననిది ఒకటి తీసుకోవడం మంచిది. సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి చోట్ల దుకాణంలోనే కుచ్చును గట్టిగా లాగి చూడవచ్చు. వెంట్రుకలు చేతికి ఊడివస్తే పక్క కొక్కేనికున్న దాన్ని అడగండి.